చిల్లు పడితే పూడదు

లక్షసార్లు చెరిపి రాయగల చిప్పు ఒక్కసారి రాశాక ఎందుకు మొండికేస్తుంది? ఎన్‌ఎఫ్‌సీ స్టిక్కర్ లోపలి కథ ఇది.

మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద పదిరూపాయల బిళ్లంత తెల్ల స్టిక్కర్ ఒకటి ఉంది. మూడేళ్ల కిందట సంక్రాంతికి చుట్టాలు దిగినప్పుడు అంటించాను. వచ్చిన ప్రతివాళ్లకీ వైఫై పాస్‌వర్డ్ అక్షరం అక్షరం విడదీసి చెప్పలేక పడ్డ తిప్పలకు అది విరుగుడు. ఫోన్ తీసుకెళ్లి ఆనిస్తే చాలు, నెట్ కలిసిపోయేది. "ఇదేదో తాయెత్తులా ఉందే బాబూ" అంటూ మా అత్తగారు కూడా రెండుసార్లు ఆనించి చూశారు.

పండగ వెళ్లిన కొన్నాళ్లకు పాస్‌వర్డ్ మార్చాల్సి వచ్చింది. వీధిలో సగంమంది పిల్లలు మా ప్రహరీ పక్కన నిలబడి సినిమాలు దించుకుంటున్నారని తేలింది మరి. స్టిక్కర్‌లో కూడా మారుద్దామని యాప్ తెరిచి ఫోన్ ఆనించాను. రాయడం కుదరలేదంది. మళ్లీ ఆనించాను. ఫోన్ మార్చాను. స్టిక్కర్‌ను గోటితో ఊడదీసి, తుడిచి, కాసేపు ఎండలో పెట్టి (ఎందుకో నాకే తెలీదు) మళ్లీ చూశాను. చదవడం మాత్రం చక్కగా చదువుతోంది. పాత పాస్‌వర్డ్‌నే.

అప్పుడు గుర్తొచ్చింది. మొదటిరోజు రాయడం అయిపోయాక యాప్‌లో అడుగున తాళం బొమ్మ ఒకటి కనిపించింది. పిల్లలెవరైనా చెరిపేస్తారేమోనని దాన్ని నొక్కాను. మా అన్నయ్య కొడుకు ఎలక్ట్రానిక్స్ చదువుతున్నాడు, వాడికి ఫోన్ చేస్తే అంతా విని పడీపడీ నవ్వాడు. "బాబాయ్, నువ్వు తాళం వేసి ఊరుకోలేదు. కప్పలో సీసం కరిగించి పోశావు" అన్నాడు.

పాతిక రూపాయల స్టిక్కర్, పోతే పోయింది. మనసు మాత్రం ఊరుకోలేదు. అట్టపెట్టె మీద 'తిరిగి రాసుకోవచ్చు' అని ఉంది. లోపలి చిప్పు లక్షసార్లు రాసినా తట్టుకుంటుందని దాన్ని చేసిన కంపెనీ పత్రంలో ఉంది. నేను రాసింది ఒకేసారి. మిగతా 99,999 ఏమైనట్టు?

గోడకు కన్నం లేకుండా

ఆ స్టిక్కర్ పొరలు విప్పితే కనిపించేది రెండే వస్తువులు. చుట్టలు చుట్టిన సన్నటి లోహపు తీగ, దాని కొసన ఆవగింజకన్నా చిన్న చిప్పు. బ్యాటరీ ఉండదు. ఫోన్ వెనక ఉన్న మరో తీగచుట్ట సెకనుకు కోటీ ముప్ఫై ఐదు లక్షల పైచిలుకు సార్లు ఊగే అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. లెక్కగా చెప్పాలంటే 13.56 మెగాహెర్ట్జ్. ఆ ఊపుకి స్టిక్కర్ తీగలో కరెంటు పుడుతుంది, చిప్పు కళ్లు తెరుస్తుంది, అడిగినదానికి జవాబు చెబుతుంది. ఫోన్ నాలుగు సెంటీమీటర్లు పక్కకు జరిగిందా, మళ్లీ నిద్ర. సోనీ, ఫిలిప్స్ కంపెనీలు 2002లో ఈ పద్ధతి మీద చేతులు కలిపాయి. 2004లో నోకియా కూడా చేరాక ముగ్గురూ కలిసి ఎన్‌ఎఫ్‌సీ ఫోరమ్ పెట్టారు.

ఫిలిప్స్ చిప్పుల విభాగం 2006లో విడిపోయి ఎన్‌ఎక్స్‌పీ అయింది. మనకు బజార్లో తరచుగా దొరికే స్టిక్కర్లలో ఉండేది ఆ కంపెనీ చేసే ఎన్‌ట్యాగ్ చిప్పు. అందులో 213, 215, 216 అని మూడు రకాలు. రాసుకోవడానికి మనకు వదిలిన చోటు వరసగా 144, 504, 888 బైట్లు. 144 బైట్లంటే ఎంతో తెలుగువాళ్లకు సులువుగా చెప్పొచ్చు. కంప్యూటర్ తెలుగును దాచుకునే వాడుక పద్ధతిలో ఒక్కో గుర్తుకు 3 బైట్లు పడుతుంది. 'శ్రీ' అనే ఒక్క అక్షరంలో శ, పొల్లు, ర, గుడిదీర్ఘం అని నాలుగు గుర్తులున్నాయి. అంటే 12 బైట్లు. మొత్తం స్టిక్కర్‌ను శ్రీకారాలతో నింపినా పన్నెండు పట్టవు, ముందూ వెనకా ఫోన్‌కి కావలసిన వివరాలు కొంత చోటు తింటాయి కాబట్టి.

ఆ రాత నిలిచేది ఎలక్ట్రాన్లలో. చిప్పు లోపల ప్రతి బిట్టుకీ ఒక చిన్న గది ఉంటుంది. నాలుగువైపులా కరెంటు పారని గాజులాంటి పొరే దానికి గోడ. తలుపు లేదు, కిటికీ లేదు. వోల్టేజి బాగా పెంచితే ఎలక్ట్రాన్లు గోడకు కన్నం పెట్టకుండానే అవతలికి చేరిపోతాయి. క్వాంటం లోకంలో ఇలాంటి విడ్డూరాలు మామూలే. గదిలో ఎలక్ట్రాన్లు ఉంటే ఒక అర్థం, లేకపోతే ఇంకో అర్థం. వోల్టేజి తిరగేస్తే గది ఖాళీ అవుతుంది. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో 1967లో దావోన్ కాంగ్, సైమన్ జీ అనే ఇద్దరు ఈ గదిని ఊహించి కట్టారు. ఇవాళ పెన్‌డ్రైవ్, ఫోన్ మెమరీ అన్నీ ఆ గది మనవళ్లే.

ఎలక్ట్రాన్లు దాటిన ప్రతిసారీ గోడ పిసరంత గాయపడుతుంది. లక్షసార్లు అన్న మాట ఆ గాయాల లెక్క. పదేళ్లు రాత చెరగదన్నది కంపెనీ ఇచ్చే ఇంకో హామీ. నా స్టిక్కర్‌కు వయసు రాలేదు, గోడలకు గాయాలూ లేవు. తాళం గుర్తును దాచుకున్నది కూడా అలాంటి గదే. దాన్ని ఖాళీ చేయడానికి ప్రకృతి నుంచి ఏ అడ్డూ లేదు. ఖాళీ చెయ్యి అని బయటినుంచి చెప్పడానికి ఒక ఆజ్ఞ కావాలి కదా, ఆ ఆజ్ఞ చిప్పుకు నేర్పలేదు. కావాలనే నేర్పలేదు. చేతకాక మానేయడం వేరు, చెయ్యనని ఒట్టు పెట్టుకోవడం వేరు. నా ఫ్రిజ్ మీదున్నది ఒట్టు పెట్టుకున్న చిప్పు.

కండక్టర్ చేతిలో పంచి

ఆ ఒట్టు ఎలా పనిచేస్తుందో చెప్పాలంటే టికెట్ మిషన్లు రాకముందటి బస్సులు గుర్తు చేసుకోవాలి. కండక్టర్ చేతిలో కత్తెరలాంటి పంచి. దాన్ని కడ్డీ మీద టకటకలాడిస్తూ వచ్చి, టికెట్‌కు చిల్లు పెట్టి ఇచ్చేవాడు. రైలు అట్ట టికెట్‌కూ అంతే. చిల్లు లేని చోట ఎప్పుడైనా పెట్టొచ్చు. పెట్టిన చిల్లును పూడ్చడం మాత్రం పంచి వల్ల కాదు. టికెట్ విలువంతా ఆ చేతకానితనంలోనే ఉంది.

ఎన్‌ట్యాగ్ 213లో మొత్తం 45 పేజీలు, పేజీకి 4 బైట్లు. పేజీల లెక్క సున్నా నుంచి మొదలు. మొదటి రెండున్నర పేజీలు ఫ్యాక్టరీవి. అక్కడ చిప్పు పుట్టుక నంబరు ఉంటుంది, దానికి అక్కడే సీలు పడుతుంది. 2వ పేజీలో మిగిలిన రెండు బైట్లలో తాళాలు. అందులో ఒక్కో బిట్టు ముందువైపు పేజీల్లో ఒక్కోదానికి కాపలా. 3వ పేజీ ఆ ట్యాగ్ నెత్తిమీద బోర్డు లాంటిది. 'నేను ఫలానా రకం, నాలో ఇంత చోటుంది, నా మీద రాయొచ్చు' అని ఫోన్‌కి చెబుతుంది. 4 నుంచి 39 దాకా 36 పేజీలు మనవి. 40వ పేజీలో వెనకవైపు పేజీల తాళాలున్నాయి, అక్కడ ఒక్కో బిట్టుకు రెండేసి పేజీలు. చివరి నాలుగు పేజీల్లో పాస్‌వర్డ్ తాలూకు సామగ్రి.

మామూలు పేజీ మీద కొత్తగా రాస్తే పాతది చెరిగి కొత్తది నిలుస్తుంది. తాళం బైట్ల మీదా, 3వ పేజీ మీదా రాస్తే అలా జరగదు. పాత బిట్టు, కొత్త బిట్టు రెండిట్లో ఏ ఒక్కటి 1 అయినా ఫలితం 1. సున్నా పంపినా చిప్పు వద్దనదు, వింటుంది, ఏమీ చెయ్యదు. సున్నా ఒకటి అవుతుంది, ఒకటి మళ్లీ సున్నా కాదు. కండక్టర్ పంచి ఇదే.

యాప్‌లో తాళం బొమ్మ నొక్కినప్పుడు ఫోన్ రెండు పనులు చేస్తుంది. 3వ పేజీలో 'రాయొచ్చు' అన్న బోర్డును 'చదవడమే' అని మారుస్తుంది. తర్వాత తాళం బిట్లన్నిటికీ వరసగా చిల్లులు పెడుతుంది. ఆండ్రాయిడ్‌లో ఈ పని చేయించే ఆజ్ఞ పక్కన, ఇది ఒకవైపు దారి, వెనక్కి రాలేరని ప్రోగ్రామర్ల పత్రంలో స్పష్టంగానే ఉంటుంది. ఆ హెచ్చరిక మనదాకా వచ్చేసరికి కుదించుకుపోయి చిన్న తాళం బొమ్మ అవుతుంది. తాళం బొమ్మ చూస్తే తాళంచెవి కూడా ఎక్కడో ఉంటుందనుకుంటాం. బొమ్మ గీసినవాళ్లను అనాలి అసలు.

నాకు బాగా నచ్చిన మెలిక ఇంకోటుంది. తాళాలకే తాళాలు వేసే బిట్లు కొన్ని ఉంటాయి. అవి నొక్కితే తాళం బిట్లు ఏ స్థితిలో ఉన్నాయో ఆ స్థితిలోనే గడ్డకడతాయి. తెరిచి ఉన్నవి శాశ్వతంగా తెరిచే ఉంటాయి. అంటే 'ఈ పేజీకి ఎవరూ ఎప్పటికీ తాళం వేయకూడదు' అని కూడా ఒట్టు వేయించవచ్చు. పదిమంది వాడే ట్యాగ్‌ను నాలాంటివాడు తెలియక మూసేయకుండా అదో జాగ్రత్త.

కాల్చడం, చిల్లు పొడవడం

చెరగని రాతకోసం ఇంజినీర్లు పడ్డ పాట్లు ఎన్‌ఎఫ్‌సీతో మొదలు కాలేదు. 1956లో అమెరికా వాయుసేన అట్లాస్ క్షిపణుల కంప్యూటర్‌లో గురి లెక్కలను అవసరాన్ని బట్టి మార్చుకునే వీలు కావాలంది. మారిస్తే మళ్లీ తనంతట తాను మారిపోకూడదు. ఆర్మా కంపెనీలో పనిచేసే వెన్ సింగ్ చౌ, సన్నటి తీగల వల అల్లి, అక్కర్లేని చోట ఎక్కువ కరెంటు పంపి తీగను కాల్చేసే ఉపాయం కనిపెట్టాడు. కాలిన తీగ అతకదు. సీడీల కాలంలో మనం 'పాటలు బర్న్ చేశాను' అన్నప్పుడు వినిపించేదీ కాల్చుడు మాటే.

అంతకుముందు టెలిగ్రాఫ్, టెలిప్రింటర్ల కాగితపు టేపు ఉండేది. అక్షరానికో చిల్లుల వరస. తప్పు అక్షరం పడితే? చిల్లు పూడ్చలేరు కాబట్టి ఆ వరసలో మిగతా చిల్లులూ పెట్టేసేవారు. అన్నీ చిల్లులే ఉన్న వరస కనిపిస్తే యంత్రం దాన్ని లెక్కలోకి తీసుకోదు. కంప్యూటర్ అక్షరాల పట్టికలో 'డిలీట్'కు ఇప్పటికీ 127 నంబరే ఉంది. ఏడు బిట్లూ ఒకట్లే అయితే వచ్చే సంఖ్య అది. చెరపలేనప్పుడు పూర్తిగా చిల్లులు పొడిచెయ్యడమే చెరపడం.

ఈ ఒకవైపు చిల్లుల మీద 1982లో ఇద్దరు గణిత మేధావులు ఒక సరదా ప్రశ్న వేసుకున్నారు. ఒక్కసారే రాయగల చోట రెండుసార్లు రాయొచ్చా? ఆ ఇద్దరూ రాన్ రివెస్ట్, ఆది షమీర్. బ్యాంకు లావాదేవీలకు కాపలా కాసే ఆర్‌ఎస్‌ఏ పద్ధతిలో ఆర్, ఎస్ వాళ్లే. వాళ్లు చెప్పిన జవాబు ఎవరైనా కాగితం మీద చేసి చూసుకోవచ్చు.

నాలుగు కబుర్లలో ఒకటి పంపాలనుకోండి: ఎండ, వాన, గాలి, మబ్బు. కాగితం మీద చిల్లుకు మూడు చోట్లే ఉన్నాయి. మొదటిరోజు ఎండైతే చిల్లు వద్దు. వానైతే మొదటి చోట, గాలైతే రెండో చోట, మబ్బైతే మూడో చోట ఒకే చిల్లు. రెండోరోజు అదే కబురైతే ముట్టుకోవద్దు. మారితే, కొత్త కబురుకు చెందిన చోటు వదిలేసి మిగతావన్నీ పొడవండి. వానైతే రెండు, మూడు. గాలైతే ఒకటి, మూడు. ఎండకు సొంత చోటు లేదు కనుక మూడూ. చదివేవాడు చిల్లులు లెక్కపెడతాడు. సున్నా గానీ ఒకటి గానీ ఉంటే మొదటి పట్టిక, రెండు గానీ మూడు గానీ ఉంటే రెండో పట్టిక. నిన్న పెట్టిన ఏ చిల్లునూ పూడ్చాల్సిన పని రాదు. మామూలుగా అయితే రోజుకు రెండు చొప్పున నాలుగు చోట్లు కావాలి, మూడింటితో సరిపోయింది. మా అన్నయ్య కొడుక్కి నేను నేర్పిన విద్య ఇదొక్కటే. పల్లీల పొట్లం కాగితం మీద చేసి చూపిస్తే రెండు నిమిషాలు మాట్లాడలేదు.

పదిసార్ల టికెట్ అయిపోకపోతే

వెనక్కి తిరగని బిట్టును వాడకుండా వదిలేస్తే ఏమవుతుందో 2012 సెప్టెంబర్‌లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన ఒక భద్రతా సదస్సులో బయటపడింది. న్యూజెర్సీలో పాత్ రైళ్లు, శాన్‌ఫ్రాన్సిస్కోలో ముని బస్సులు, రైళ్లు అప్పట్లో కాగితంలా పల్చటి ఎన్‌ఎఫ్‌సీ టికెట్లు ఇచ్చేవి. లోపల మైఫేర్ అల్ట్రాలైట్ అనే చవక చిప్పు. మొత్తం 64 బైట్లు. అందులో 32 బిట్లు పంచి పద్ధతివి, ఒక్కసారి 1 అయితే మరి తిరగనివి. ఇంకా ఎన్ని ప్రయాణాలు మిగిలాయన్న లెక్కను అక్కడ పెట్టాలి. వాళ్లు మామూలు పేజీలో పెట్టారు. ఇంట్రెపిడస్ గ్రూప్ పరిశోధకులు ఇద్దరు ఒక ఆండ్రాయిడ్ యాప్ రాసి చూపించారు. కొత్త పదిసార్ల టికెట్‌ను ఫోన్‌తో చదివి దాచుకోవడం, ప్రయాణాలన్నీ వాడేసుకోవడం, దాచిన పాత లెక్కను మళ్లీ టికెట్ మీద రాసెయ్యడం. టికెట్‌కు మళ్లీ పది. పాస్‌వర్డ్ పగలగొట్టలేదు, రహస్యం దొంగిలించలేదు. చెరిపి రాయగల చోట చెరిపి రాశారు, అంతే. వాళ్లు ఈ సంగతి శాన్‌ఫ్రాన్సిస్కో వాళ్లకు ముందుగానే చెప్పారు. చేతిలో పంచి ఉంచుకుని పెన్సిల్‌తో టిక్కు పెట్టిన కండక్టర్ల కథ ఇది.

హైదరాబాద్ మెట్రో 2017 నవంబర్‌లో మొదలైనప్పుడు టోకెన్ చేతికిచ్చింది. దాని తీరు దీనికి సరిగ్గా తలకిందులు. దిగేచోట గేటు దాన్ని మింగేసేది, కడుపులో ఉన్నది చెరిపి మరో ప్రయాణికుడికి మరో స్టేషన్ పేరుతో ఇచ్చేవారు. దానికి శాశ్వత తాళం పడితే పని చెడుతుంది. అక్కడ కాపలా తాళంచెవుల రూపంలో గేటు దగ్గర, టికెట్ కౌంటర్ దగ్గర ఉండేది. టికెట్‌ను మన జేబులో వదిలేసి, పారేసుకున్నా ఫర్లేదనుకునే చోటే పంచి బిట్టు కావాలి.

మనకిది కొత్తేమీ కాదు. వేంగి చాళుక్యుల రాగిరేకుల దానశాసనాలు చూడండి. రేకులన్నిటికీ ఒక పక్క చిల్లు, అందులో రాగి కడియం, కడియం రెండు కొసలూ కలిసేచోట వరాహం గుర్తూ, 'శ్రీ త్రిభువనాంకుశ' అనే పేరూ ఉన్న రాజముద్ర. ఊరి సరిహద్దులు రాసిన రేకు ఒకటి తీసి, రెండెకరాలు ఎక్కువ రాసిన రేకు పెట్టాలంటే కడియం కోయాలి. కోస్తే కోత కనిపిస్తుంది. శాసనాలు పరిష్కరించిన పండితులు తమ నివేదికల్లో 'నా చేతికి వచ్చేటప్పటికి కడియం కోసి లేదు' అని ఎంతో శ్రద్ధగా రాసేవారు. ఇవాళ ఫోన్ కూడా ట్యాగ్‌ను అడిగేది ఇదే, కడియం కోశారా అని. ఎన్‌ట్యాగ్‌లోనే ఒక రకం చిప్పుకు సన్నటి తీగ వలయం ఉంటుంది. దాన్ని సీసా మూత మీదుగా అంటిస్తారు. మూత తీస్తే తీగ తెగుతుంది. తీగ తెగాక చిప్పు మొదటిసారి నిద్రలేచినప్పుడే 'తెరిచారు' అని తన లోపల రాసేసుకుంటుంది. తర్వాత ఎంత నేర్పుగా తీగ అతికించినా ఆ మాట వెనక్కి తీసుకోదు.

ఎడమచేతి చూపుడువేలి సిరా ఇంకో దగ్గరి చుట్టం. 1962 ఎన్నికల నుంచి వాడుతున్న ఆ సిరాలో సిల్వర్ నైట్రేట్ ఉంటుంది. చర్మంలోని ఉప్పుతో కలిసి అంటుకుపోతుంది. కడిగితే పోదు. గోరూ చర్మమూ పెరిగి పాతవి రాలిపోతేనే పోతుంది.

ఈ-పాస్‌పోర్ట్ తీసుకున్నవాళ్లు అట్ట మీద చిన్న బంగారు రంగు గుర్తు చూసే ఉంటారు. వీటిని 2024లో ప్రయోగాత్మకంగా ఇవ్వడం మొదలుపెట్టారు. అందులోని చిప్పుదీ 13.56 మెగాహెర్ట్జ్ భాషే. పేరు, పుట్టినతేదీ, ఫొటో రాశాక ఆ పేజీలు మూసుకుపోతాయి, పైన ప్రభుత్వ డిజిటల్ సంతకం. ఏ విమానాశ్రయంలో ఎవరు చదివినా సంతకంతో సరిపోల్చుకుంటారు. ఇక్కడ చెరిపి రాసే వీలుండాలని ఎవరూ కోరరు. కారు అద్దం మీది ఫాస్టాగ్‌ను కూడా ఇందులో కలిపి నన్ను అడిగినవాళ్లున్నారు. అది వేరే జాతి. ఇంకా ఎక్కువ ఫ్రీక్వెన్సీలో, మీటర్ల దూరం నుంచి మాట్లాడుతుంది. మన ఫోన్ దాన్ని చదవలేదు.

తాళం ఎవరిది?

ఇంతవరకూ తాళం మన తరఫున ఉంది. ఎదుటిపక్షాన కూడా ఉంటుంది.

నింటెండో కంపెనీ 2014లో అమీబో పేరుతో చిన్న బొమ్మలు అమ్మడం మొదలుపెట్టింది. బొమ్మ పాదాల కింద ఎన్‌ట్యాగ్ 215 చిప్పు. బొమ్మను ఆటయంత్రానికి ఆనిస్తే ఆ పాత్ర ఆటలోకి వస్తుంది. ఏ పాత్ర బొమ్మో చెప్పే పేజీలకు శాశ్వత తాళం. పిల్లవాడు పెట్టుకున్న పేరు, సంపాదించిన పాయింట్లు దాచే పేజీలు మాత్రం తెరిచే ఉంటాయి. ఒకే చిప్పులో సగం శిలాశాసనం, సగం పలక. ఖాళీ 215 స్టిక్కర్లు కొని సొంతంగా అలాంటివి చేసుకున్న ఆటగాళ్లకు ఎదురయ్యే మొదటి ఆశ్చర్యం కూడా ఇదే. ఒక పాత్ర రాసి తాళాలు పడ్డాక అదే స్టిక్కర్ మీద ఇంకో పాత్ర రాయబోతే కుదరదు. స్టిక్కర్ పాడైందనుకుని అమ్మినవాడితో తగువు పడతారు. పాపం, అమ్మినవాడి తప్పేమీ లేదు.

పళ్లు తోముకునే బ్రష్షుకూ చిప్పు వచ్చింది. ఫిలిప్స్ సోనికేర్ బ్రష్ తలల్లో ఎన్‌ట్యాగ్ 213 ఉందని, ఎంతసేపు తోమామో ఆ లెక్క తలలోనే నిలిచి ఉంటుందని 2023లో ఒక ఇంజినీర్ తన సొంత బ్రష్షు మీద పరీక్షలు చేసి రాశాడు. లెక్క నిండితే పిడి మీద దీపం వెలిగి, తల మార్చమంటుంది. దీపమే లెండి, బ్రష్ ఆగిపోదు. ఆ లెక్క తిరగరాయాలంటే పాస్‌వర్డ్ కావాలి, మూడుసార్లు తప్పు చెబితే చిప్పు శాశ్వతంగా మూసుకుపోతుంది. డైమో కంపెనీ లేబుల్ ప్రింటర్లలో ఒక వరస ఇంకో అడుగు ముందుకేసింది. లేబుల్ చుట్టలోనే చిప్పు ఉంటుంది. ఆ చిప్పున్న సొంత చుట్ట పెడితేనే ప్రింటర్ పని చేస్తుంది. ఎన్ని లేబుళ్లు మిగిలాయో చుట్టే చెబుతుంది.

పంచి అదే, చిల్లూ అదే. బస్సు టికెట్‌కు పెడితే దొంగ ప్రయాణం ఆగింది. లేబుల్ చుట్టకు పెడితే పక్క షాపులో చవగ్గా దొరికే చుట్ట ఆగింది. ఈ రెండూ ఒకటేనని నేను ఒప్పుకోను. నా టికెట్‌లో చిల్లు పెట్టే హక్కు కండక్టర్‌కు ఉంది, అది అతను నడిపే బస్సు. నేను డబ్బిచ్చి కొన్న కాగితం చుట్టలో చిల్లు ఎవరు పెట్టాలి? తాళం పడిందని డబ్బా మీద పెద్ద అక్షరాల్లో రాయని కంపెనీకి ఆ హక్కు ఇవ్వడం నాకు రుచించదు.

మొండికేసే ఇంకొన్ని దారులు

ట్యాగ్ రాయించుకోనంటే ప్రతిసారీ తాళం బిట్టే కారణం కానక్కర్లేదు. పాస్‌వర్డ్ పడి ఉండొచ్చు. ఎన్‌ట్యాగ్ పాస్‌వర్డ్ నాలుగు బైట్లు, దాదాపు 430 కోట్ల అవకాశాలు. కూర్చుని ఒక్కోటీ ప్రయత్నిద్దామనుకుంటే, ఎన్ని తప్పులకు మూసుకోవాలో ఒకటి నుంచి ఏడు దాకా పెట్టే వీలుంది. ఆ హద్దు దాటితే, తర్వాత సరైన పాస్‌వర్డ్ చెప్పినా ప్రయోజనం లేదు. సొంత ట్యాగ్‌కు పెట్టిన పాస్‌వర్డ్ మరిచిపోయి ఊహించుకుంటూ పోవడం ఇందుకే మంచిది కాదు.

ఆఫీసు గేట్లలో ఇంకా కనిపించే మైఫేర్ క్లాసిక్ కార్డుల సంగతి వేరు. అవి 1994 నాటివి. ఏ భాగాన్ని ఎవరు చదవాలి, ఎవరు రాయాలన్న నియమాన్ని అవి జంటగా రాసుకుంటాయి. ఒకటి ఉన్నదున్నట్టు, ఇంకోటి తిరగేసి. రెండూ ఒకదానికొకటి సరిగ్గా వ్యతిరేకంగా లేకపోతే ఎవరో కెలికారని చిప్పు అనుమానిస్తుంది. ఆ భాగాన్ని పూర్తిగా మూసేస్తుంది, మరి తెరవదు. రాస్తూ ఉండగా కార్డు మధ్యలో పక్కకు లాగేస్తే కూడా ఈ ప్రమాదం ఉంది. పుట్టుక నంబరు మార్చాలనుకునేవాళ్లకు అసలు చిప్పుల్లో ఏ దారీ లేదు. దాన్ని మార్చనిచ్చే నకిలీ జాతి కార్డులు దొరుకుతాయి, వాటి పని మనకొద్దు.

ఎన్‌ట్యాగ్‌లో ఎన్నిసార్లు చదివారో లెక్కపెట్టే మీటరు కూడా ఉంటుంది, కావాలనుకుంటే నడుపుకోవచ్చు. 24 బిట్లది, కోటీ అరవై ఏడు లక్షల దాకా పోతుంది. అదీ ముందుకే. ఆటో మీటర్‌లా ఖాళీ చేసి సున్నాకు తిప్పలేం.

మరి తాళం వెయ్యాలా, వద్దా? ఇంట్లో అయితే వద్దంటాను, లేదా పాస్‌వర్డ్ పెట్టి కాగితం మీద రాసుకోండి. హోటల్ బల్ల మీద మెనూ ట్యాగ్, దుకాణం కౌంటర్ మీద డబ్బు కట్టే ట్యాగ్ లాంటివి తెరిచి వదిలేయడం మాత్రం ప్రమాదం. కొత్త ట్యాగ్‌కు ఏ రక్షణా ఉండదు, దారినపోయే ఎవడైనా ఫోన్ ఆనించి తన లింకు రాసిపోవచ్చు. కొట్లో క్యూఆర్ కోడ్ మీద ఇంకో కోడ్ అంటించి డబ్బు కాజేసిన మోసాలు మనం చూశాం. ట్యాగ్‌కైతే జిగురు ఖర్చు కూడా లేదు, పైకి తేడా కనపడదు.

తాళం వేయాల్సిన చోట ఒక చిన్న తెలివి పనికొస్తుంది. పెళ్లిపత్రికలో, విజిటింగ్ కార్డులో ట్యాగ్ పెట్టేవాళ్లు కల్యాణమండపం మ్యాపునో, ఫోన్ నంబరునో నేరుగా రాసి మూసేస్తారు. ముహూర్తానికి వారం ముందు హాలు మారితే మూడువందల కార్డులూ పాత హాలుకే దారి చూపిస్తాయి. నంబరు రాయకుండా, మన చేతిలో ఉన్న ఒక వెబ్ చిరునామా రాసి తాళం వేస్తే, ఆ చిరునామా ఎక్కడికి తీసుకెళ్లాలో మనం ఎప్పుడైనా మార్చుకోవచ్చు. దారి చెప్పే మనిషిని వీధి మొగలో నిలబెట్టినట్టు. ఆ వెబ్ చిరునామాకు ఏటా కట్టే డబ్బు కట్టడం మరిచిపోతే మనిషి వెళ్లిపోతాడు, అది వేరే సంగతి.

నా స్టిక్కర్ విషయానికొస్తే, కొత్తది ఆర్డర్ పెట్టబోతుంటే మా అన్నయ్య కొడుకే ఆపాడు. "స్టిక్కర్ మారదు సరే, రౌటర్ మారుతుందిగా బాబాయ్" అన్నాడు. రౌటర్‌లో చుట్టాలకోసం రెండో వైఫై ఒకటి తెరిచి, దానికి పాత పేరు, పాత పాస్‌వర్డ్ పెట్టాడు. వేగం బాగా తగ్గించేశాడు. మా ఇంటివాళ్లకు కొత్త పేరుతో వేరే వైఫై. మొన్న సంక్రాంతికి వచ్చిన మా అత్తగారు నేరుగా ఫ్రిజ్ దగ్గరకు వెళ్లి ఫోన్ ఆనించారు. కలిసింది. "ఇంకా పనిచేస్తోందే మీ తాయెత్తు" అన్నారు. ప్రహరీ పక్కన పిల్లలు మాత్రం, సినిమా సగంలో ఆగిపోతోందని గోల పెడుతున్నారు.